ఆ వార్త ఎందుకు ఆపారు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను 34 ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్న మక్తల్, ఊట్కూరు, మాగనూరు వైపు ఊళ్లలో తిరిగాను. ఇరవై ఏళ్లకు పైగా మీ పత్రిక మా ఇంటికి వస్తోంది. ఇంతకు ముందు ఒకే ఒక్కసారి మీకు ఉత్తరం రాశాను, మంచినీటి పైపు గురించి. మీరు వేశారు. వారంలో పైపు బాగైంది. అచ్చయిన మాటకు ఎంత బలం ఉంటుందో ఆ రోజు చూశాను కాబట్టే, ఇప్పుడు అచ్చు కాని మాట గురించి ఇంత బాధపడుతున్నాను.

గత నెల మా వైపు ఒక జాతర జరిగింది. మీ జిల్లా పేజీలో దానికి వరసగా నాలుగు రోజులు చోటిచ్చారు. రథం, దీపాలు, గండదీపం ఎత్తుకున్న ఆడవాళ్లు, బెల్లం మిఠాయి దుకాణాలు, అన్నీ ఫొటోలతో సహా వచ్చాయి. సంతోషమే. కానీ ఆ జాతర మైదానం పక్కనే ఒక రేకుల షెడ్డులో మూడో రోజు జరిగిన సంగతి గురించి ఒక్క ముక్క రాలేదు. మీ విలేకరికి తెలియక కాదు. ఆయన వచ్చారు, విన్నారు, రాసుకున్నారు, వార్త పంపారు. పేజీలోకి మాత్రం రాలేదు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులో ఒక తల్లి, కొడుకు, ఇద్దరి మధ్యలో కూతురు. కూతురు ఒళ్లో అయిదు వారాల పసిబిడ్డ. ఎడమ చేత్తో బిడ్డను పొదివి పట్టుకుంది. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. "చెయ్యి తెరువు బిడ్డా" అంటే తెరవదు. ఒక్కో వేలూ నేనే మెల్లగా విప్పాను. అరచేతి నడుమ రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయి ఉంది. చుట్టూ నల్లటి మసి. జుట్టు నిండా కర్పూరం వాసన. వీపు చూస్తే వేపమండల చారలు, ఒకదాని మీద ఒకటి. రెండు మణికట్ల మీద తాడు ఒరిసిన గుర్తులు. కొట్టేటప్పుడు బిడ్డను ఎవరి చేతికో ఇచ్చేశారట. పాలు లేక ఆ పసివాడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. తల్లి రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. ముందు బిడ్డకు పాలు పట్టించి, ఆ తర్వాతే చేతికి మందు రాశాను. అలా చేయమని అడిగింది ఆమే.

ఆమెకు ఇది మొదటి కాన్పు. పదో రోజు నుంచి నిద్ర పట్టడం మానేసింది. తనలో తాను మాట్లాడుకోవడం, అర్ధరాత్రి లేచి తలుపు దగ్గర నిలబడటం, ఈ బిడ్డ నాది కాదనడం మొదలుపెట్టింది. ఇది జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలామందికి మొదటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది. మందులు వేస్తే తగ్గిపోతుంది. వదిలేస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. అత్తింటివారు గాలి సోకిందనుకున్నారు. వాళ్లేమీ దుర్మార్గులు కారు, భయపడ్డారు. జాతరకు వచ్చే ఒక స్వామి గాలి వదిలిస్తాడని ఎవరో చెబితే తీసుకెళ్లారు.

షెడ్డులో ఏం జరిగిందో ఆమె చెప్పింది, వెంట వెళ్లిన తమ్ముడూ చెప్పాడు. ఇద్దరిదీ ఒకే మాట. స్వామి "నీ పేరేమిటి?" అని అడిగాడు. ఆమె తన పేరు చెప్పింది. కొట్టాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ తన పేరే చెప్పింది. మళ్లీ కొట్టాడు. ఆయనకు కావలసింది ఆమె పేరు కాదు, ఆమెను పట్టిన దయ్యం పేరు. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో, అంతకు ముందు ఏడాది బావిలో పడి చనిపోయిన పొరుగింటామె పేరు చెప్పింది. వెంటనే చుట్టూ ఉన్నవాళ్లు దేవుడికి జై కొట్టారు. దయ్యం నిజంగా వదిలిందో లేదో తేల్చడానికి అరచేతిలో కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించారు. వదిలితే చెయ్యి కాలదట.

నా సర్వీసులో లెక్కలేనన్ని గాయాలకు కట్లు కట్టాను. తన పేరు తాను చెప్పుకున్నందుకు తగిలిన దెబ్బలకు కట్టు కట్టడం అదే మొదలు.

మర్నాడు ఉదయం ఆసుపత్రిలో చూపించి, గాయాల కాగితం రాయించుకుని ఠాణాకు వెళ్లాం. జాతర బందోబస్తులో ఉన్నాం, జనం లక్షల్లో ఉన్నారు, ఇప్పుడు ఆ స్వామిని కదిలిస్తే గొడవవుతుంది, అయ్యాక రండి అన్నారు. కేసు నమోదు చేయదగిన నేరం గురించి చెబితే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. జాతర ఉంటే ఆగవచ్చని అందులో లేదు. భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ నిప్పుతో గానీ వేడి వస్తువుతో గానీ గాయపరచడాన్ని మామూలు దెబ్బల కంటే పెద్ద నేరంగా చూస్తుంది. కర్పూరానికి అందులో మినహాయింపు లేదు. చివరికి ఆ తమ్ముడు పై అధికారి దాకా వెళితే, జాతర ముగిసిన నాలుగో రోజున కేసు నమోదైంది.

మీ విలేకరి వచ్చింది ఆసుపత్రికి వెళ్లిన రోజు సాయంత్రం. ఆయనకు చిన్నప్పుడు పోలియో చుక్కలు వేసింది నేనే. ఓపికగా కూర్చుని విన్నారు. ముఖం రాకుండా చేతిని మాత్రమే ఫొటో తీశారు. "రాయమంటావా బిడ్డా?" అని నేను ఆమెను మూడుసార్లు అడిగాను. "రాయమనండి నర్సమ్మా, నా పేరు వద్దు" అంది. రెండు రోజులు పత్రిక తిరగేసి, వార్త కనబడక ఆయనకు ఫోను చేశాను. "పంపానమ్మా, డెస్కులో ఆపారు. జాతర సమయంలో భక్తుల మనోభావాలు దెబ్బతింటాయన్నారు" అని చెప్పారు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి నాలుగు రూపాయలు వచ్చే బతుకు, పైగా జాతర కమిటీ దగ్గర ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఆయనదే. నా ప్రశ్న పేజీని చివరగా చూసే మీకు.

భక్తుల మనోభావాలు అన్నారు. ఆమె కూడా భక్తురాలే. కడుపుతో ఉన్నప్పుడు ప్రతి మంగళవారం ఒక్కపొద్దు ఉంది. బిడ్డ పుట్టువెంట్రుకలు ఆ దేవుడికే మొక్కుకుంది. ఆ గుడి ముందర, ఆ దేవుడి పేరు పలుకుతూ తనను కొడితే ఆమె మనసు ఏమైందో ఎవరూ అడగలేదు. ఆమె మనోభావం లెక్కలోకి రాదా? లక్ష మంది భక్తుల్లో ఆమె ఒక్కతే కదా అంటారేమో. ఆ లక్ష మందిని మాత్రం ఎవరు అడిగారు? నేను అడిగాను. మా వీధిలో జాతరకు వెళ్లొచ్చిన ఆడవాళ్లకు ఈ సంగతి చెబితే ఒక్కరు కూడా దేవుడికి అవమానం జరిగిందని అనలేదు. "వాడి చేతులు పడిపోను" అన్నారు, ఆ స్వామిని.

నేను నాస్తికురాలిని కాను. ప్రతి ఏటా దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు వెళతాను. దళితులు కుట్టిన ఉద్దాలను, అంటే దేవుడి పాదుకలను, ఊరేగింపుగా తెస్తే అన్ని కులాలవాళ్లూ తలకు తాకించుకునే జాతర అది. ఆ ఉద్దాలు నా తలకు తాకినప్పుడల్లా కళ్లు చెమరుస్తాయి. పీర్ల పండుగకు మా ఊళ్లో నేనూ పీరు ముందు ఊదు వేసినదాన్నే. ఆ రేకుల షెడ్డులో జరిగింది అచ్చు వేస్తే నా భక్తికి దెబ్బ తగులుతుందని మీ డెస్కులో ఎవరో నా తరఫున నిర్ణయించడం నాకు అవమానంగా తోచింది.

చట్టానికి భయపడ్డారనుకుందామంటే ఆ భయానికీ ఆధారం లేదు. మత విశ్వాసాలను అవమానించడం నేరమనే 295-ఏ సెక్షన్ పాత ఐపీసీలో 1927 నుంచి ఉంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానానికే ఆ సెక్షన్ వర్తిస్తుందని 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒక మనిషి ఒక బాలింతను కొట్టి చెయ్యి కాల్చాడని రాయడంలో దేవుడికి అవమానం ఎక్కడుంది?

ఇంకో సాకు కూడా విన్నాను. బాధితురాలి గోప్యత కోసం ఆపామని. అత్యాచార బాధితుల పేరు, ఆనవాలు బయటపెట్టరాదని 1983లోనే 228-ఏ సెక్షన్ వచ్చింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా అదే చెబుతుంది. మంచి చట్టాలు. మా బాలింత కేసు వాటి కిందికి రాకపోయినా ఆమె పేరు దాచాల్సిందే, ఆమే అడిగింది కాబట్టి. అయితే ఈ గోప్యత ఆమె కోసం. కొట్టినవాడి కోసం కాదు. ఆమె పేరు దాచి ఆ మనిషి చేసిన పని రాయవచ్చు. మీరు ఆమె పేరుతో పాటు ఆయన చేసిన పనినీ దాచిపెట్టారు. ఇంతకీ ఆ సంఘటన దాగిందా అంటే అదీ లేదు. షెడ్డులో ఫోన్లతో తీసిన వీడియో స్వామివారి మహిమ అనే పేరుతో మా చుట్టుపక్కల ఊళ్లన్నిటా తిరుగుతోంది. ఆమె ముఖం అందులో స్పష్టంగా ఉంది. మహిమగా చూపడానికి ఎవరి మనోభావమూ అడ్డు రాలేదు, నేరంగా రాయడానికే వచ్చింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి.

ఆడపిల్లలను దేవుడి పేరున వదిలేసే జోగిని, బసివి, దేవదాసి ఆచారాలను నిషేధిస్తూ 1988లో మన ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నేను ఉద్యోగంలో చేరాను. గర్భిణుల రిజిస్టరులో భర్త పేరు అని ఒక గడి ఉండేది. ఒక ఊళ్లో పదహారేళ్లు నిండీ నిండని పిల్లను భర్త పేరు అడిగితే "దేవుడు" అంది. నవ్వుతూ అనలేదు, ఏడుస్తూ అనలేదు. మనం ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. ఎల్లమ్మకు వదిలిన పిల్ల గురించి ఎక్కడా మాట్లాడకు, ఊరికి అరిష్టం అన్నారు పెద్దమనుషులు. చట్టం వచ్చాక జోగినులు లేరు, ఉన్నారని రాస్తే మన మీదికే వస్తుంది అన్నారు నా పైవాళ్లు. నాకు కొత్త ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ గడిలో అడ్డగీత గీశాను. ఆ తర్వాత మరో ఊళ్లో మరో గీత. అదే రోజుల్లో నిజామాబాద్ వైపు హేమలతా లవణం గారు జోగినుల మధ్య తిరిగి వాళ్ల కోసం పనిచేస్తున్నారు. నేనిక్కడ గీతలు గీస్తున్నాను. చాలా ఏళ్ల తర్వాత, ప్రభుత్వం వేసిన రఘునాథరావు ఏకసభ్య కమిషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 80,000 మంది దాకా జోగినులు ఉన్నారని చెప్పినట్టు పత్రికలో చదివాను. ఆ రోజు అన్నం ముద్ద దిగలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఉంటే యాభై దాటి ఉంటుంది. ఆమె నోరు తెరిచి చెప్పిన మాటను కాగితం మీదికి రానివ్వనిది నేను. మీ డెస్కులో ఆ వార్త తీసేసిన వ్యక్తిని నేను దూరం నుంచి నిందించడం లేదు. ఆ చెయ్యి ఎలా కదులుతుందో నాకు తెలుసు.

ఇది ఒక మతం సంగతి కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాకు తెచ్చిన మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. ప్రార్థనతో తగ్గుతుందని రక్తం లేని బాలింతను మూడు రోజులు గదిలో ఉంచిన ఇంటి తలుపు కూడా నేను కొట్టాను. అన్ని చోట్లా ఒకటే మాట విన్నాను. బయట చెప్పకమ్మా, మన దేవుడికి చెడ్డపేరు వస్తుంది.

మన దేవుడైతే దాచడం, పక్కవాళ్ల దేవుడైతే ఊరంతా చాటడం. ఇదీ చూశాను. 2019 నవంబరులో పశువైద్యురాలిని చంపి, పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టినప్పుడు నిందితులు నలుగురు. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం రెండు రోజులు ఒక్క ముస్లిం పేరే తిరిగింది. మిగతా ముగ్గురి పేర్లు ఎవరికీ అక్కరలేకపోయాయి. ఆనాడు ఆ పేరును తిప్పినవాళ్లే, మొన్న నేను ఈ స్వామి గురించి రెండు వాక్యాలు పెడితే అయిదు నిమిషాల్లో తీసేశారు. చచ్చిపోయిన పిల్ల మీద జాలి ఉంటే ఈ బతికున్న పిల్ల మీద కూడా ఉండాలి కదా.

2002లో హర్యానాలోని సిర్సాలో ఒక సాధ్వి అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారికి పేరు లేని ఉత్తరం రాసింది. అక్కడి డేరా సచ్చా సౌదా ఆశ్రమం అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ తమ మీద అత్యాచారం చేస్తున్నాడని. లక్షల మంది భక్తులున్న మనిషి. ఆ ఉత్తరాన్ని ధైర్యంగా అచ్చు వేసింది రాంచందర్ ఛత్రపతి నడిపిన 'పూరా సచ్' అనే చిన్న పత్రిక. అదే ఏడాది అక్టోబరులో ఆయన మీద ఇంటి ముందే కాల్పులు జరిగాయి, నవంబరులో కన్నుమూశారు. ఉత్తరం రాసిన పదిహేనేళ్లకు, 2017 ఆగస్టులో, కోర్టు ఆ గురువును దోషిగా తేల్చి 20 ఏళ్ల శిక్ష వేసింది. ఆ తీర్పు రోజు అల్లర్లలో 30 మందికి పైగా చనిపోయారు. అంత ప్రమాదం ఉన్నచోట ఒక చిన్న పత్రిక ఒక ఆడపిల్ల ఉత్తరానికి చోటిచ్చింది. మా వైపు అంతటి ప్రమాదమేమీ లేదు. ఉన్నదల్లా పావు పేజీ ప్రకటనలు ఓ నాలుగు.

మాకు కృష్ణా నది దాటితే రాయచూరు. దయ్యం వదిలించే పేరుతో కొట్టడాన్ని, హింసించడాన్ని పేరు పెట్టి నేరంగా చెబుతూ కర్ణాటక 2017లో చట్టం చేసింది, 2020 నుంచి అమలు చేస్తోంది. మహారాష్ట్రలో 2013లోనే వచ్చింది, మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపాక. అలాంటి చట్టం కావాలని మన దగ్గరా ఏళ్లుగా అడుగుతున్నారు. అడిగేవాళ్లకు ఎమ్మెల్యేలు వేసే మొదటి ప్రశ్న ఒకటే, ఇక్కడ అలాంటివి ఎక్కడ జరుగుతున్నాయి, పత్రికల్లో రాలేదే అని.

ఊరి పేరు, ఠాణా, ఎఫ్‌ఐఆర్ నంబరు, ఆసుపత్రి కాగితం నకలు ఈ ఉత్తరంతో వేరే కవరులో జత చేశాను. నేను ఇక్కడ ఊరి పేరు రాస్తే, ఆ వీడియో చూసినవాళ్లకు ఆమె ఇల్లు దొరికిపోతుంది. మీ విలేకరి ఊరి పేరు అవసరం లేకుండానే వార్త రాయగలరు, అప్పుడు రాశారు కూడా. వచ్చే జాతరకు ఇంకా ఏడాది ఉంది. ఈలోగా ఆ షెడ్డు గురించి దేవాదాయ అధికారులను, పోలీసులను అడిగి, వాళ్లేమన్నారో కూడా రాయండి. జాతర ప్రత్యేక పేజీలోనే ఒక మూల, బాలింతకు నిద్ర పట్టకపోతే, బిడ్డ నాది కాదంటే ఎక్కడికి తీసుకెళ్లాలో అయిదు వాక్యాలు వేయండి. కావాలంటే ఆ అయిదు వాక్యాలు నేను రాసిస్తాను.

ఆమె జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి మందులు వాడుతోంది. మూడు వారాలకే నిద్ర కుదిరింది. మొన్న బుధవారం బిడ్డకు పది వారాల టీకా వేయించడానికి తల్లి వెంట వచ్చి, పోతూ పోతూ మా ఇంటికీ వచ్చింది. బిడ్డను పేరు పెట్టి పిలుస్తోంది. అరచేతిలో కొత్త చర్మం లేత గులాబీ రంగులో వచ్చింది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. మా అరుగు మీద ఉన్న మీ పత్రిక తీసి పేజీలు తిప్పింది. ఏడో తరగతి దాకా చదువుకుంది, చదవగలదు. జిల్లా పేజీ దగ్గర ఆగి, పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూసి, "ఇంకా రాలేదా నర్సమ్మా?" అని అడిగింది. రేపు చూద్దాం బిడ్డా అని చెప్పి పంపాను.

— ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, నారాయణపేట జిల్లా
(నా పేరు, చిరునామా మీ కార్యాలయానికి పంపాను. అచ్చు వేయవద్దు. నా పేరు చూస్తే ఆమె ఎవరో మా వైపు అందరికీ తెలిసిపోతుంది.)